శ్రావణంలో రా, సంక్రాంతికి వెళ్ళు

తోట కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పెద్దమ్మగారూ, నాకు 27 ఏళ్ళు. మాది బరంపురం. భువనేశ్వర్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆరు నెలలు జీతం లేని సెలవు దొరికేలా ఉంది. ఆ ఆరు నెలలూ ఏదైనా చిన్న కూరగాయల తోటలో ఉండి, ఆ ఇంటివాళ్ళతో పాటు పని చేయాలని ఉంది. కాశీనగర్, పర్లాకిమిడి వైపు ఎకరం, రెండెకరాల తోటలు చాలా ఉన్నాయని మీరే రాశారు. ఏ నెలల్లో రావాలి? రోజూ ఏం పనుంటుంది? కూలి అడగొచ్చా, లేక నేనే వాళ్ళకి ఏమైనా ఇవ్వాలా? మా అమ్మయితే "ఇంత చదివించింది కూలిపనికి పోవడానికా" అని ఏడుస్తోంది.
– ఒక పాఠకురాలు, భువనేశ్వర్

తల్లీ, ముందు నెలల సంగతి చెప్తాను. నీలాగా అడిగేవాళ్ళంతా డిసెంబరులో వస్తామంటారు. మంచు, పచ్చటి మళ్ళు, ఫొటోలు బాగా పడతాయి. అప్పుడొస్తే కోతలు తప్ప ఇంకేమీ చూడవు. శ్రావణంలో రా. వినాయక చవితికి ముందే నీ సంచీ తోటలో దిగాలి. సంక్రాంతి పండగ మాతో చేసుకుని వెళ్ళు. నీ సెలవు ఇంచుమించు దానికే సరిపోతుంది.

శ్రావణంలో వస్తే వంగ నారు నీ చేత్తోనే పోస్తావు. నారుమడి జానెడు ఎత్తున కట్టాలి, లేకపోతే వాన నీరు నిలిచి మొలక మొదలు దగ్గరే కుళ్ళి పడిపోతుంది. రెండు పక్కల నుంచీ చెయ్యి మధ్యకు అందేంత వెడల్పే ఉండాలి, ఎందుకంటే మడిలో కాలు పెట్టకూడదు. చాళ్ళలో గింజ పోసి, పైన మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, చల్లి, గడ్డి కప్పుతాం. మొలక తల ఎత్తిన రోజే గడ్డి తీసేయాలి. ఆలస్యమైతే మొలకలు పాలిపోయి సాగిపోతాయి. 25 నుంచి 30 రోజులకు నారు నాటుకొస్తుంది. బెండ గింజని రాత్రి నానబెట్టి నేరుగా మళ్ళలోనే పెడతాం. అది 45, 50 రోజులకే మొదటి కాయ ఇస్తుంది. బీర, ఆనప పాదులు కూడా అప్పుడే. పందిరి చిక్కుడు దారి మాత్రం వేరు. ఎంత ముందు పెట్టినా పగలు కురచయ్యే దాకా అది పూయదు. కొత్తవాళ్ళు తీగ బలిసింది గానీ పూత లేదని దాని మొదట్లో ఎరువు మీద ఎరువు కుమ్మరిస్తారు. నువ్వా పని చేయకు, దాని కాలం వచ్చాక అదే పూస్తుంది.

భాద్రపదమంతా కలుపే. దాని గురించి ఎక్కువ చెప్తే నువ్వు రావు గనక వదిలేస్తున్నాను. తుంగని మాత్రం బొరిగెతో గడ్డతో సహా తవ్వి తీయాలి, పైన లాగితే మళ్ళీ వారానికి అదే ఎత్తు.

తరవాత ఆశ్వయుజం. మాకు గుండె దడ నెల అది. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు హుద్‌హుద్ విశాఖ మీద పడింది, అదీ 12వ తేదీనే. 2018లో తిత్లీ 11న పలాస దగ్గర దాటి నేరుగా మా గజపతి జిల్లా కొండల మీదికొచ్చింది. బరఘరలో కొండచరియ విరిగిపడి జనం పోయారు. ఇటు వంశధార పొంగి మా పల్లం మళ్ళలో ఇసుక మేట వేసింది. 2021లో గులాబ్ సెప్టెంబరు 26నే వచ్చేసింది. అందుకని దసరా ముందు మా ఇళ్ళలో బట్టల కొనుగోళ్ళ కంటే ముందు కాలవల పని నడుస్తుంది. మడి మడికీ నీరు బయటికి పోయే దారి తీస్తాం, పందిరి రాటలకు నాలుగు వైపులా మోకులు బిగిస్తాం. మెట్ట చెక్కలో పదిహేను రోజుల తేడాతో రెండో విడత నారు పోసి ఉంచుతాం. తుపాను వస్తే ఆ నారే దిక్కు, రాకపోతే చుట్టుపక్కల వాళ్ళకి అమ్మేస్తాం. వస్తోందని రేడియోలో చెప్పారంటే ముదురూ లేతా చూడకుండా కోయదగ్గదల్లా కోసి సంతకి తోలేయడమే. ఆ రోజు ఇంట్లో పిల్లల దగ్గర్నుంచీ అందరూ తోటలోనే ఉంటారు. నువ్వూ ఉంటావు.

ఆ గండం గడిస్తే కార్తీకం. ఒడిశాలో ఉన్న తెలుగు రైతుకి దేవుడిచ్చిన సౌకర్యం ఒకటుంది చూడు. ఒడియావాళ్ళకి నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. దసరా అయిన అయిదో రోజు కుమార పూర్ణిమ. ఆ మర్నాటి నుంచే వాళ్ళకి కార్తీకం వచ్చేస్తుంది, చాలా ఇళ్ళలో చేపా మాంసం ముట్టరు. మనకేమో దీపావళి వెళ్ళాక గానీ మొదలవదు. కార్తీక పౌర్ణమి మర్నాడు వాళ్ళు ఛాడఖాయి అని మాంసం దుకాణాల ముందు బారులు తీరే వేళకి మనవాళ్ళకి ఇంకా సగం నెల మిగిలే ఉంటుంది. ఏతావాతా పర్లాకిమిడి సంతలో 45 రోజుల కార్తీకం నడుస్తుంది. హవిష్యం అనే కార్తీక నియమం పాటించే ఒడియా ముసలమ్మలు చేమదుంప, అరటికాయ అడుగుతారు, మనవాళ్ళు బీర, ఆనప, కంద అడుగుతారు. దాని వెనకే మార్గశిరం లక్ష్మివారాలు, అంటే గురువారాలు. ఒడియా ఇళ్ళలో మాణబసా, మన ఇళ్ళలో లక్ష్మీపూజ, రెండూ లక్ష్మీదేవికే. ఆ వారాల్లో బుధవారం సాయంత్రం సంత వేరేగా ఉంటుంది. ఈ లెక్క చూసుకునే శ్రావణంలో గింజ పెడతాం. నువ్వు డిసెంబరులో వస్తే దీంట్లో చాలా భాగం నీ కళ్ళబడదు.

సంక్రాంతి దగ్గర పడేసరికి అందరి టమాటా ఒక్కసారే పండుతుంది, ధర పడిపోతుంది. కోత కూలి కూడా రాని రోజులుంటాయి. అవి కూడా చూడాలి నువ్వు. చిక్కుడు, వంకాయ మాత్రం పండగ దాకా నిలబెడతాయి.

రోజు ఎలా ఉంటుందన్నావు. కోత రోజు నాలుగింటికి లేవాలి. టార్చి లేకుండా గట్టు మీద అడుగు పెట్టొద్దు, చీకట్లో పాములుంటాయి. కరిస్తే మంత్రం వేసేవాడి దగ్గరికి కాదు, తిన్నగా ఆసుపత్రికి. బెండ రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క కోత తప్పితే కాయ పీచు పడుతుంది, ముదురు కాయ మొక్కన ఉంటే కొత్త పూత తగ్గుతుంది. పొడుగు చేతుల చొక్కా తెచ్చుకో. బెండ నూగు తగిలితే మోచేతుల దాకా దురద. మొదటి పది రోజులూ కొబ్బరినూనె రాసుకుని ఏడుస్తావు, తరవాత నీకే గుర్తుండదు. సూరీడు పైకొచ్చేసరికి కోత అయిపోవాలి. నీడన గోనె పరిచి ఏరతాం. పుచ్చులు, వంకరవి, ముదురువి వేరు. ఆ పని కూర్చుని చేసేదే గానీ కన్ను కావాలి. పది దాటాక చద్దన్నం, ఉల్లిపాయ, ఎండు చేప. కార్తీకంలో చేప స్థానంలో గుమ్మడి వడియాలు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, మళ్ళీ మూడింటికి గొప్పు తవ్వడమో నీరు కట్టడమో. ఎనిమిదింటికి నిద్ర.

సంత రోజు వేరు. మా అత్తగారు కాశీనగర్ స్టేషన్‌లో చిన్న రైలెక్కి, తట్టలు బల్ల కింద తోసి పర్లాకిమిడి వెళ్ళేది. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ నుంచి మొదలుపెట్టించిన లైను అది. 2004లో ఆపి పెద్ద లైను వేశారు, 2011లో మళ్ళీ బళ్ళు తిరిగాయి. ఇప్పుడు మేం ఆటోల్లో పోతున్నాం. మహేంద్రతనయ వంతెన దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అటు ధర బాగుంటే అటు, ఇటు బాగుంటే ఇటు. ఎటెళ్ళినా ఆశీలు, అంటే సంత రుసుము, కట్టాల్సిందే. కొండ మీది సవర ఆడవాళ్ళు పసుపు, అల్లం, చీపుర్లు తెచ్చి మన పక్కనే కూర్చుంటారు. వాళ్ళ మాటలు నాలుగు నేర్చుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇదే పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని నిఘంటువే రాశారు. నువ్వు ధర అడిగే మాటలు నేర్చుకుంటే చాలు. ఒడియా నీకెలాగూ వచ్చు, అది నీకు పెద్ద బలం. మొన్నామధ్య మా దగ్గర కొన్నాళ్ళున్న బరంపురం కుర్రాడు గొప్పు తవ్వడంలో ఎందుకూ కొరగాడు గానీ, సంతలో ఒడియాలో గలగలా మాట్లాడి తట్ట ఖాళీ చేసేవాడు. రాత్రిళ్ళు ప్రతి పాదు లెక్కా రాసేవాడు. కోతకి పట్టే కూలి కూడా కలిపి చూస్తే బీర కంటే దొండ నయమని వాడి పుస్తకం చూశాకే మా మరిదికి ఎక్కింది. నేను ఏళ్ళ తరబడి చెప్పినా వినలేదు మరి!

ఇక డబ్బు. కొందరు పట్నంవాళ్ళ కోసం 'తోట అనుభవం' అని పేరు పెట్టి రోజుకింతని తీసుకుంటున్నారు. అలాంటి చోటికి నువ్వు పోకు. అక్కడ నిన్ను చుట్టంలా చూస్తారు, పని చెప్పరు. అలాగని ఊరికే కూడా చేయొద్దు. మొదటి నెల నువ్వు తినేదే ఎక్కువ, చేసేది తక్కువ. అందుకని ఆ నెల తిండీ పడకా చాలనుకో. పక్క చాలులో ఉన్న ఆడమనిషితో సమానంగా చాలు పూర్తి చేయగలిగిన రోజు నుంచి ఆమెకిచ్చే కూలే నీకూ ఇమ్మని అడుగు. చదువుకున్న పిల్ల ఉత్తినే చేస్తోందంటే రేపు ఆమె కూలి పెంచమన్నప్పుడు యజమాని నిన్ను చూపిస్తాడు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు. నువ్వు ఇంట్లో అన్నం తింటే ఆ ఖర్చు తీసుకోమను, పోనీ, కానీ కూలి మాట కూలి మాటే.

రాకముందు ఫోనులో ఇంటి ఆడవాళ్ళతో మాట్లాడు, మగవాళ్ళతో కాదు. మరుగుదొడ్డి ఉందా, స్నానానికి తలుపున్న గదుందా, రాత్రి నీతో ఎవరు పడుకుంటారు, తాగే నీళ్ళు ఎక్కడివి అని అడుగు. జవాబు నసిగితే ఆ ఇల్లు వదిలెయ్. మీ అమ్మగారిని దసరాకి ఒకసారి రమ్మను. ఆవిడకి నేను చెప్పాల్సింది ఏమీ లేదు, మా కోడలు బీఎస్సీ చదివి తెల్లారి నాలుగింటికి బెండ కోస్తుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు.

* * *

అమ్మా, నమస్కారం. గుణుపురం దగ్గర అరెకరంలో వంగ వేశాను. కాపు మొదలయ్యే సమయానికి పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోతోంది, రెండు మూడు రోజుల్లో చచ్చిపోతోంది. ఆకు పసుపు కూడా అవ్వట్లేదు. దుకాణంలో రెండు రకాల పొడులిచ్చారు, పోశాను, లాభం లేదు. పోయినేడు అదే చెక్కలో టమాటా కూడా ఇలాగే పోయింది.
– ఒక రైతు, రాయగడ జిల్లా

బాబూ, పోయినేడు టమాటా కూడా అక్కడే పోయిందన్నారు కదా, సగం జవాబు అందులోనే ఉంది. అయినా ఒక పరీక్ష చేయండి. వాడిన మొక్క కాండాన్ని నేల దగ్గర కోసి, వేలెడు ముక్కని గాజు గ్లాసులో తేట నీళ్ళలో కోసిన వైపు మునిగేలా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి పాలదారాల్లాంటివి కిందికి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. శిలీంద్రం వల్ల వచ్చే ఎండు తెగులైతే ఆకు ముందు పసుపెక్కి మెల్లగా పోతుంది, నీళ్ళలో ఆ పాలు దిగవు. దుకాణాల్లో ఇచ్చే పొడులు ఎక్కువగా శిలీంద్రాలకే. బ్యాక్టీరియాకి అవి పోసినా ఒకటే, పోయకపోయినా ఒకటే. ఇంక డబ్బు తగలేయకండి.

ఇది నేలలోనే ఉంటుంది. నీటి వెంట, పార అంచుకంటిన మట్టి వెంట మడి నుంచి మడికి పోతుంది. అందుకని చచ్చిన మొక్కని మట్టితో సహా పీకి తోట బయట కాల్చేయండి. దాన్ని కాలవలో వేసేవాళ్ళని నేను చూశాను, కింద మడివాడికి అంతకంటే కీడు లేదు. ఆ మడి నీరు వేరే మడికి పారకుండా అడ్డుకట్ట వేయండి. వచ్చే ఏడు ఆ చెక్కలో వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప నాలుగూ వద్దు, అవన్నీ ఒకే కుటుంబం. వరి పండే నేలైతే ఒక కారు వరి వేయండి, లేకపోతే మొక్కజొన్న. మన వైపు ఎర్రనేలలు చాలా చోట్ల పులుపు నేలలు. మట్టి పరీక్ష చేయించి, వాళ్ళు చెప్పిన మోతాదులో సున్నం వేయండి. అంతేగానీ పక్కవాడు వేశాడని వేయొద్దు.

రకం మార్చడం ముఖ్యం. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ తెగులు తట్టుకునేలా తెచ్చిన వంగ రకాలున్నాయి, ఉత్కళ్ తారిణి, ఉత్కళ్ మాధురి లాంటివి. టమాటాలో ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ కుమారి. కృషి విజ్ఞాన కేంద్రంలో విత్తనం అడగండి. కాయ రంగు, ఆకారం మీ సంతలో చెల్లుతుందో లేదో ముందు నాలుగు చాళ్ళు వేసి చూసుకోండి. గుణుపురం సంతలో నీలం పొడుగు కాయ అలవాటైన వాళ్ళు వేరే రంగు కాయని పట్టుకుని చూసి పక్కన పెడతారు. మరో దారి అంటు నారు. గట్లమీద పెరిగే ఉస్తి మొక్క వేరుకి ఈ తెగులు సులువుగా పట్టదు. దాని మీద వంగ అంటు కట్టి నాటుతున్నారు. మొక్క ఖరీదు ఎక్కువే. అరెకరానికి మొత్తం అదే పెట్టమనను, తెగులున్న చెక్క వరకు పెట్టి చూడండి.

* * *

పెరట్లో బీర పాదు పెట్టాను. రోజూ బోలెడు పూలు, ఒక్క కాయ లేదు. సాయంత్రాలు వేపనూనె కూడా కొడుతున్నాను. ఏం చేయాలి?
– ఒక గృహిణి, బరంపురం

మొదట వచ్చేవన్నీ మగ పూలేనమ్మా, కంగారు పడకు. కాడ చివర వేలెడంత పిందె ఉన్నది ఆడ పువ్వు. అది కనిపించాక కూడా పిందె పసుపెక్కి రాలిపోతుంటే పుప్పొడి అందలేదని అర్థం. బీర పువ్వు గుమ్మడి పువ్వులా పొద్దున విచ్చదు, సాయంత్రం అయిదు దాటాక విచ్చుతుంది. నువ్వు సరిగ్గా అదే వేళకి వేపనూనె కొడుతున్నావు! పువ్వు దగ్గరికొచ్చే పురుగులు ఆ వాసనకి రావు. కొట్టాలంటే పొద్దున్నే కొట్టు. మేడల మధ్య పెరడైతే తేనెటీగలు, రెక్కపురుగులు తక్కువే ఉంటాయి, కాబట్టి దీపం పెట్టే వేళ ఒక మగ పువ్వు కోసి, రేకలు తుంచి, పుప్పొడిని ఆడ పువ్వు మధ్యలో అద్దు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకొస్తుంది. యూరియా ఎక్కువ వేశావేమో చూసుకో, వేస్తే తీగ పెరుగుతుంది గానీ పిందె కట్టదు.

* * *

పుచ్చు ఉన్న వంకాయ అయితే మందు కొట్టనిదని మా వీధిలో అందరూ ఏరి మరీ కొంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

కాదు నాయనా. వంగలో కొమ్మ, కాయ తొలిచే పురుగు గుడ్డు నుంచి బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే లోపలికి దూరిపోతుంది. ఆ తరవాత పైన ఎంత కొట్టినా దానికి తగలదు. తగలట్లేదనే రైతు మళ్ళీ మళ్ళీ కొడతాడు. అంటే పుచ్చు కాయ మీదే ఎక్కువసార్లు మందు పడి ఉండొచ్చు. ఈ పురుగు పోరు పడలేకే దాన్ని తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంగ తేబోయారు, 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపేసింది. మేం చేసేది వాడిన కొమ్మ చివళ్ళని వారానికోసారి పురుగుతో సహా తుంచి కాల్చడం, మగ రెక్కపురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టడం. అప్పటికీ తగ్గకపోతే కొడతాం, దాచిపెట్టను. కొట్టాక ఆ డబ్బా మీద రాసినన్ని రోజులు కోయకూడదు. మీరు అడగాల్సింది ఆ రోజు సంగతే: "ఎప్పుడు కొట్టావు, ఎప్పుడు కోశావు?" అని. సంతలో మా తట్ట దగ్గరికొచ్చి అడిగినా చెప్తాం. ఇంటికి తీసుకెళ్ళాక పారే నీళ్ళలో రుద్ది కడుక్కోండి, పై మందు కొంత పోతుంది. తొడిమ కింద మందు నిలుస్తుంది గనక అది తీసేసి కడగండి.